బొమ్మ లేని శుభలేఖ

మౌనిక పెళ్లికార్డు దగ్గర అరుణ రెండు రోజులు ఇరుక్కుపోయింది.

ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి నాలుగడుగులు వేస్తే ఆమె దుకాణం. అక్కడ ఇరవై ఏళ్లుగా పెళ్లికార్డులు, విజిటింగ్ కార్డులు, బడి సర్టిఫికెట్లు, ‘ఇల్లు కిరాయికి’ బోర్డులు చేస్తోంది. వచ్చినవాళ్లు ఏం కావాలో చెప్పడం ముగించేలోపే ఆమె చేతులు సగం పని చేసేస్తాయి. అలాంటి మనిషిని ఒక తెల్ల కార్డు కూర్చోబెట్టేసింది.

మౌనికది మీర్‌పేట్. తండ్రికి లారీలున్నాయి. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆ పిల్ల ఫోన్ తీసి ఏ దేశానిదో ఒక ఇంగ్లీషు కార్డు చూపించింది. తెల్లటి కాగితం మీద ఒక పక్కగా నాలుగు వరుసల సన్నటి అక్షరాలు, మిగతాదంతా ఖాళీ.

“గిట్లనే కావాలె ఆంటీ. కానీ తెలుగుల. మా నాయినమ్మ చదువుకోవాలె,” అంది.

“గంతేనా? రేపు రా,” అంది అరుణ.

రేపు అయింది, ఎల్లుండి కూడా అయింది. ఇంగ్లీషు అక్షరాలు గోడ కట్టినట్టు వరుసగా నిలబడతాయి. తెలుగుకు కింద ఒత్తులు వేలాడతాయి. సన్నటి ఫాంటు పెడితే ‘లక్ష్మి’లో ఒత్తు కింది వరుస తలకట్టు మీద పడింది. వరుసల మధ్య ఎడం పెంచితే ఏ వరుసకు ఆ వరుస విడిపోయింది. ఇంకో ఫాంటు కొసలన్నీ మెలికలు తిరిగి పట్టుచీర కట్టుకున్నట్టుంది. మరొకటి పేపర్ హెడ్డింగులా అరిచింది. రెండో రోజు సాయంత్రం ఒకటి ప్రింటు తీసి గోడకు అంటించి దూరం నుంచి చూసింది. కావాలని వదిలిన ఖాళీలా లేదు, అచ్చు వేయడం మర్చిపోయినట్టుంది.

ఖాళీని నిలబెట్టడం తెలిసినవాడు ఆమె ఎరుకలో ఒక్కడే. ఆయనతో మాట్లాడి ఇరవై ఎనిమిదేళ్లయింది. కుదరక కాదు, ఎదురుపడకుండా తప్పించుకుంది. ఒకసారి మూసారాంబాగ్ దగ్గర బస్సులో వెనక సీట్లో ఆయన కనబడితే, దిగాల్సిన చోటుకు ఒక స్టాపు ముందే దిగిపోయి ఎండలో నడిచింది.

ఆయన పేరు జోగారావు. తణుకు దగ్గరి ఊరు. హైదరాబాదుకు బొమ్మల చదువు కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపు పైన మేడమీది గదిలో ‘రేఖ’ అనే డిజైన్ దుకాణం నడిపేవాడు. అరుణ ఇంటర్ అయ్యాక కంప్యూటర్ మీద తెలుగు టైపు నేర్చుకుని, ఇరవయ్యేళ్లకు అక్కడ పనిలో చేరింది. వాళ్లది కొత్తపేటలో తాతల నాటి నుంచి ఉన్న రైతు కుటుంబం. నాన్న పాండురంగం ద్రాక్షతోట అప్పటికే ప్లాట్లయింది. బిడ్డ పనికి పోవాల్సిన అవసరం లేదు. కానీ “ఇంట్లుండి ఏం జేస్తది, నేర్చుకోనియ్యి” అని తల్లి కృష్ణమ్మ పంపింది.

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ అంతా కోచింగ్ సెంటర్ల కాగితాలే. స్తంభాల మీద, గోడల మీద, బస్టాపు రేకుల మీద ర్యాంకులు, ఫోటోలు, నక్షత్రాలు, బాణాలు. జోగారావు దగ్గరికి వచ్చే ప్రతివాడూ పక్కవాడి కంటే పెద్ద అక్షరం అడిగేవాడు. ఆయన ఓపిగ్గా టీ తెప్పించి చెప్పేవాడు.

“అందరూ అరుస్తున్నప్పుడు మీరూ అరిస్తే ఎవరికి వినబడుతుందండీ? మెల్లగా చెప్పి చూడండి.”

పదిమందిలో ఒకడు వినేవాడు. ఆ ఒక్కడి కాగితం చేసిన రోజు ఆయన ముఖం వెలిగేది. అరుణ కంప్యూటర్ ముందు కూర్చోగానే ఏదో ఒకటి టైపు చేయబోతే ఆపేవాడు. “ముందు కాగితం చూడమ్మా. ఎంత వదలాలో తెలిస్తే ఎంత రాయాలో తెలుస్తుంది.” పెన్సిలుతో కాగితం నిండా నిలువు, అడ్డ గీతలు గీసి, అక్షరాలు ఆ గళ్ల అంచులకు ఆనుకునేలా కూర్చోబెట్టడం నేర్పాడు. ఆమెకు మొదట్లో అది బడిపిల్లల లెక్కల నోటుపుస్తకంలా అనిపించేది. పోను పోను కన్ను మారింది. బస్సులో కూర్చున్నా దుకాణాల బోర్డులే కనబడేవి. ఏది ఎక్కడ ఒరిగిందో, ఏ అక్షరానికి ఊపిరాడటం లేదో తెలిసేది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పినప్పుడు ఆయన కథలు చెప్పేవాడు. జర్మనీలో మొదటి యుద్ధం అయ్యాక బౌహౌస్ అని ఒక బడి పెట్టారట. పద్నాలుగేళ్లే నడిచిందట. నాజీలు దాన్ని బతకనివ్వలేదట. అదంతా ఆయన సొంత అన్నదమ్ముల సంగతిలా చెప్పేవాడు.

“కుర్చీ ఉన్నది కూర్చోడానికి, దానికి సింహం కాళ్లెందుకు అన్నారమ్మా వాళ్లు. అక్షరం ఉన్నది చదవడానికి, దానికి నగలెందుకు అన్నారు. ఇంగ్లీషులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అని రెండు రకాలు దేనికి, చిన్నవే చాలన్నారు. వృత్తాలు, గీతలు పెట్టి కొత్త అక్షరాలు గీశారు.”

అరుణ పప్పన్నం కలుపుకుంటూ అంది. “మనకు పెద్దక్షరాలు ముందుగాలనే లేవు గద సార్. అన్నీ గుండ్రగనే ఉంటయి. వాళ్లు గంత కష్టపడ్డది మనకు పుట్టుకతోటే ఉన్నది.”

జోగారావు చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. “ఇన్నేళ్లూ నాకు తట్టలేదు,” అన్నాడు.

ఆ రోజు నుంచే ఆయన వృత్తలేఖిని పట్టుకుని తెలుగు అక్షరాలు గీయడం మొదలుపెట్టాడు. గీత ఎక్కడా లావెక్కకుండా, ఎక్కడా సన్నబడకుండా, ప్రతి తలకట్టూ ఒకే వాలులో ఉండేలా. గ్రాఫ్ కాగితం మీద ఒక్కో అక్షరానికి వారం పట్టేది. ‘క్ష’ దగ్గర నెల ఆగాడు. ఒత్తును బొత్తిగా కిందికి వేలాడనివ్వకుండా కుడిపక్కకు జరిపి పెట్టే ఉపాయం దొరికిన రోజు, కింద జిరాక్స్ షాపు వాళ్లక్కూడా మిఠాయి పంచాడు.

అరుణకు మీర్‌పేట్ బాల్‌రాజ్‌తో సంబంధం కుదిరింది. తన పెళ్లికార్డు ఆ అక్షరాలతోనే ఉండాలని ఆమె పట్టుబట్టింది. జోగారావు వెనకాడాడు.

“ఇంట్లో వాళ్లని అడిగావా?”

“నేను చెప్త సార్.”

“కార్డు నీది కాదమ్మా, రెండు కుటుంబాలది. అడిగి రా.”

“అడిగిన. మంచిదన్నరు,” అని అబద్ధమాడింది. పాండురంగానికి అప్పటికింకా మాట కూడా చెప్పలేదు.

ఆయన నెల రోజులు ఆ కార్డు మీదే కూర్చున్నాడు. మందపాటి తెల్ల కాగితం. వరుసలన్నీ ఎడమవైపు ఒకే గీత దగ్గర మొదలై, కుడివైపు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. పేర్లు ఒక సైజు, మిగతావన్నీ ఒకే సైజు. వినాయకుడు లేడు, కలశం లేదు, అరటిచెట్లు లేవు, ఎర్ర రంగు లేదు. పైన అందరూ వేసే శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు కూడా తీసేశాడు. “అలవాటుగా వేస్తారు తప్ప ఎవరూ చదవరు,” అన్నాడు. అరుణ సరేనంది.

అచ్చయి వచ్చిన నాడు ఆమె ఒక కార్డు చేతిలో పట్టుకుని కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. తన పేరు అంత శుభ్రంగా ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ సంబరంలోనే మొదటి కార్డు కవరులో పెట్టి, కాబోయే మామ పేరు రాసి, తానే దిల్‌సుఖ్‌నగర్ పోస్టాఫీసుకు పోయి డబ్బాలో వేసి వచ్చింది. మిగతా నాలుగు వందలూ ఆటోలో ఇంటికి తెచ్చింది.

పాండురంగం కార్డు చూశాడు. బొమ్మ అటువైపు ఉందేమోనని వెనక్కి తిప్పి చూశాడు.

“గణపతి ఏడి?”

కృష్ణమ్మ అరుణ వైపు చూసింది.

“దశదినకర్మ కార్డు గిట్లనే ఉంటది. గా ఫోటో ఒక్కటే తక్కువ.” ఆయన కార్డు బల్ల మీద పెట్టి బయటికి పోయాడు. పెళ్లికి పదకొండు రోజులుంది. మళ్లీ అచ్చు వేయించి పంచే వ్యవధి లేదు.

మూడో రోజు పొద్దున ‘రేఖ’ మేడమెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అరుణకు కాబోయే మామ. చేతిలో ఆమె పోస్టు చేసిన కార్డు. పెద్దాయన మనిషి చెడ్డవాడు కాదు, కానీ ఆ పొద్దున కూర్చోమన్నా కూర్చోలేదు.

“కవర్ ఇప్పి చూసి మా ముసలామె ఏడ్సుడు మొదలువెట్టింది. ఎవరు పోయిండ్రో అని. ఏంది బిడ్డా గిది? నీకు తెలిసే జేసిండ్రా?”

జోగారావు అక్కడే, గీతల బల్ల ముందు నిలబడి ఉన్నాడు. అరుణ ఆయన వైపు చూడలేదు.

“నాకు తెల్వదు మామా. సార్ పొరపాటు చేసిండు.”

బల్ల వైపు నుంచి జోగారావు గొంతు వినబడింది.

“అవునండీ. పొరపాటు నాదే.”

మామ ఆయన్ని నాలుగు మాటలన్నాడు. జోగారావు తల వంచుకుని విన్నాడు. పెద్దాయన వెళ్లిపోయాక అరుణ బ్యాగు తీసుకుని మెట్లు దిగింది. మళ్లీ ఎక్కలేదు.

ఇంటికి వచ్చేసరికి కృష్ణమ్మ వరండాలో చాప వేసుకుని కూర్చుంది. పక్కన ఇత్తడి పళ్లెంలో తడి పసుపు. కార్డులకు పసుపు పెట్టడం ఎవరింట్లోనైనా ఉన్నదే, ఏదో తాకించి వదిలేస్తారు. ఆమె అట్లా పెట్టడం లేదు. ప్రతి కార్డుకూ నాలుగు మూలలా బొటనవేలు నిండా ముంచి గట్టిగా అద్దుతోంది. రంగుల కార్డుల మీద కనబడని పసుపు ఆ తెల్ల కాగితం మీద మండినట్టు కనబడింది. వరండా నిండా ఆరబెట్టిన కార్డులు. అరుణ ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది. కృష్ణమ్మ తిట్టలేదు, ఓదార్చలేదు. “చేతులు కడుక్కొని రా. ఇంక రెండు వందలున్నయి,” అంది.

పెళ్లి బాగానే జరిగింది. ‘రేఖ’కు మాత్రం ఆ చుట్టుపక్కల పెళ్లికార్డుల పని మరి రాలేదని అరుణకు తర్వాత ఎవరో చెప్పారు. కొన్నేళ్లకు ఆ గదే మూతపడిందని ఇంకెవరో చెప్పారు.

కొత్తపేటలో కార్డుల హోల్‌సేల్ షాపులో అడిగితే ఆయన ఇప్పుడు బడంగ్‌పేట్‌లో ఉంటున్నాడని తెలిసింది. మూడో రోజు అరుణ దుకాణం మూసి, మౌనిక కార్డు ప్రింటు బ్యాగులో పెట్టుకుని ఆటో ఎక్కింది. దారిలో మాటలు కూర్చుకుంది. గేటు దగ్గరికి వచ్చేసరికి ఒక్కటీ గుర్తు లేదు.

తలుపు తీసింది జోగారావు భార్య సుమిత్రమ్మ. కాసేపు చూసి, “అరుణవు కదూ. జుట్టు నెరిసింది గానీ ముఖం అదే. రా లోపలికి,” అంది.

జోగారావుకు డెబ్బై దాటాయి. మనిషి సన్నబడ్డాడు, కుడిచెయ్యి కొద్దిగా వణుకుతోంది. అరుణ కూర్చోలేదు.

“సార్, ఆ రోజు నేను అబద్ధం చెప్పిన. రెండు అబద్ధాలు. ఇంట్ల అడిగిన అన్నది ఒకటి, మా మామ ముంగట చెప్పింది ఒకటి.”

“తెలుసమ్మా.”

“మీ పని పోయింది సార్ నా వల్ల.”

ఆయన వెంటనే కాదనలేదు. “బాధ పడ్డాను. నీ మాట వినగానే కాదు, నువ్వు మళ్లీ రాకపోయేసరికి. పని సంగతి వేరు. రంగు రంగుల బొమ్మలన్నీ కంప్యూటర్లో దొరికాక నా దగ్గరికి ఎవరొస్తారు? నీ కార్డు కాకపోయినా అది పోయేదే. కాస్త ముందు పోయింది.” ఆగి, “కూర్చో,” అన్నాడు. “మీ అమ్మగారు ఎలా ఉన్నారు?”

“పోయి ఎనిమిదేండ్లయింది సార్.”

జోగారావు, సుమిత్రమ్మ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన లేచి లోపలి గదిలోంచి ఒక పాత అట్ట ఫైలు తెచ్చాడు. అందులో గ్రాఫ్ కాగితాలు, పసుపుబారిన ప్రూఫులు. అన్నింటికీ కింద ఒక కవరులో ఆ కార్డు. నాలుగు మూలలా బొటనవేలి గుర్తులు, రంగు అంతగా పోలేదు.

“ఇది మీకెట్లొచ్చింది?” అంది అరుణ.

“మీ అమ్మగారు తెచ్చి ఇచ్చారు. నీ పెళ్లికి నాలుగు రోజుల ముందు. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చారు. పెళ్లికి పిలవడానికి వచ్చానన్నారు. కార్డు నా చేతిలో పెట్టి, ‘పిల్ల భయపడ్డది సార్. తప్పు మీది కాదు. మీ అక్షరాలు మంచిగున్నయి, నాకు చదువు రాకున్నా నా బిడ్డ పేరు ఏదో గుర్తువట్టిన’ అన్నారు.”

అరుణకు ఆ చాప, ఆ పళ్లెం, పసుపు అంటిన ఆ వేళ్లు కళ్ల ముందుకొచ్చాయి. తల్లి బతికున్న ఇరవై ఏళ్లలో ఎన్ని మధ్యాహ్నాలు ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారో. ఒక్కసారీ చెప్పలేదు. చెబితే తాను ఇంకా కుంగిపోతానని ఊరుకుందో, చేయాల్సింది చేశాను ఇక మాటెందుకు అనుకుందో. అడగడానికి ఇప్పుడు మనిషి లేదు. సుమిత్రమ్మ మంచినీళ్లు తెచ్చి, ఆమె ఏడవడం అయ్యేదాకా గ్లాసు పట్టుకుని పక్కనే కూర్చుంది.

“ఒక సంగతి చెప్పనా,” అన్నాడు జోగారావు. “మీ మామగారి ముందు పొరపాటు నాదే అన్నాను కదా. అది నిన్ను కాపాడ్డానికి అన్న మాట. కానీ తర్వాత చూసుకుంటే నిజంగానే నాదే. ఆ మూడు మాటలూ నేను తీసేయకూడదు.”

“ఏ మూడు మాటలు?”

“శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. నేను వాటిని నగలనుకున్నాను. అవి నగలు కాదు. కవరు విప్పగానే ఇది మంచి కబురు, భయపడకండి అని చెప్పేవి అవే. అది వాటి పని. ప్రతిదానికీ ఒక పని ఉండాలని నీకు రోజూ పాఠం చెప్పినవాణ్ణి, వాటి పనేంటో కనుక్కోకుండా పీకేశాను. మీ అమ్మగారు ఆ పని పసుపుతో చేశారు. చూడు, ఎక్కడ పెట్టారో. నాలుగు మూలలు. మధ్యలో నేను వదిలిన తెలుపును ముట్టుకోలేదు.”

అరుణ కార్డును దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత బ్యాగులోంచి మౌనిక కార్డు ప్రింటు తీసి బల్ల మీద పరిచింది. జోగారావు కళ్లద్దాలు సర్దుకున్నాడు.

“ఇదేంటమ్మా, ఒత్తులన్నీ మెట్లమీంచి జారిపడుతున్నట్టున్నాయి.”

“అందుకే వచ్చిన సార్.”

సుమిత్రమ్మ ఉప్మా చేసి తెచ్చేసరికి ఇద్దరూ బల్ల మీద వంగి ఉన్నారు.

జోగారావు గ్రాఫ్ కాగితం మీద గీసిన అక్షరాలు ఎన్నడూ ఫాంటు కాలేదు. యాభై చిల్లర మాత్రమే గీశాడు. వాటిని ఫోటోలు తీసి, కంప్యూటర్లో పెట్టి, అరుణ మౌసుతో ఒక్కొక్కటీ చుట్టూ గీసుకుంటూ పోయింది. లేని అక్షరాలు ఉన్నవాటి వంపుల్లోంచి కొత్తగా కట్టింది. జోగారావు చెయ్యి గీత నిలపలేదు గానీ, కన్ను నిలిపింది. వారం రోజులు బస్సు పట్టుకుని ఎల్బీనగర్ దుకాణానికి వచ్చి పక్కన కూర్చున్నాడు. “ఆ సున్నా కడుపు తగ్గించు. ఇంకొంచెం. చాలు, చాలు, మరీ ఎండగట్టకు.” వచ్చిన ప్రతిరోజూ ఎదురుగా ఉన్న కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీని చూసి ఒక నిట్టూర్పు విడిచేవాడు. పాత కోచింగ్ సెంటర్ల పేర్లు, వాటి యజమానుల పేర్లు, ఎవరు ఎంత పెద్ద అక్షరం అడిగారో ఆయనకు ఇంకా గుర్తున్నాయి. ఇద్దరూ అవి తలుచుకుని నవ్వుకునేవారు.

మూడు మాటలూ కార్డు పైన చిన్నగా, ఎడమ అంచున, ఒకదాని కింద ఒకటిగా కూర్చున్నాయి. కింద పేర్లు. తర్వాత తెలుపు. మౌనిక తండ్రి వినాయకుణ్ణి వెయ్యాల్సిందేనన్నాడు. కవరు మీద వేద్దామని అరుణ ఒప్పించింది. అది జోగారావుకు రుచించలేదు, కానీ “కవరే కదా,” అని ఊరుకున్నాడు. మౌనిక వాళ్ల నాయినమ్మ కార్డును చేయి చాచినంత దూరంలో పట్టుకుని, తప్పులు పోకుండా, మెల్లగా పైనుంచి కిందిదాకా చదివిందట. ఆ సంగతి చెబుతూ మౌనిక ఆ ముసలామె వీడియో చూపించింది. జోగారావు దాన్ని మూడుసార్లు చూశాడు.

ఆ ఆదివారం పొద్దున అరుణ భర్తకు అసలు సంగతి చెప్పింది. బాల్‌రాజ్ చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు.

“అంటే గా కార్డు నువ్వు అడిగి చేయించుకున్నదా?”

“అవును.”

“మా నాయిన గా సార్‌ను పట్టుకొని ఎన్ని మాటలన్నడో ఇంటికొచ్చి చెప్పిండు. పోయేదాక గదే అనుకున్నడు.” లేచి చొక్కా వేసుకున్నాడు. “జర ముందుగాల చెప్పొద్దా. ఆయనుంటే తనే పోయి కలుస్తుండె.” తర్వాత, “గా సార్‌ను, మేడమ్‌ను ఇయ్యాల అన్నానికి రమ్మను. నేను పోయి తోలుకొస్త,” అన్నాడు.

మధ్యాహ్నం బాల్‌రాజ్ వాళ్లిద్దరినీ కారులో తీసుకొచ్చాడు. గేటు దగ్గర ముందు తాను దిగి, జోగారావుకు చేయి అందించి దింపాడు. వరండాలో నిలబడి, ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, చివరికి అన్నాడు.

“సార్, అప్పట్ల మా నాయిన మిమ్ముల చాన మాటలన్నడంట. ఏమనుకోవద్దు.”

“మీ నాన్నగారు పెద్దమనిషండీ,” అన్నాడు జోగారావు. “కార్డు మొదటినుంచి చివరిదాకా చదివి, అప్పుడు తిట్టారు. ఈ రోజుల్లో ఎవరు చదువుతున్నారు?”

బాల్‌రాజ్ తెరలు తెరలుగా నవ్వాడు. సుమిత్రమ్మ చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి వచ్చి, “నేనేం చెయ్యను?” అని అడిగింది. అరుణ ఆమెకు పీట వేసి, పొయ్యి మీద మరుగుతున్న పప్పుచారులో ఉప్పు సరిపోయిందో లేదో చూడమని గరిటె చేతికిచ్చింది.